దెయ్యం సినిమాలో పెళ్లిచూపులు

"ఏవండీ, నవ్వుకోవాలంటే బయటికెళ్లి నవ్వుకోండి. మేం భయపడ్డానికి టికెట్ కొనుక్కున్నాం."

ముందు వరసలోంచి ఒకమ్మాయి వెనక్కి తిరిగి అన్న మాట అది. అన్నది శారోన్. పడ్డవాడు శ్యామ్ సుందర్. తెర మీద తెల్లచీర దెయ్యం గాల్లో తేలుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. మన హీరో ఒక్కడే పకపకా నవ్వాడు.

"తాడు కనబడుతోందండీ," అన్నాడు సంజాయిషీగా.

"తాడు చూడాలంటే నూతి దగ్గరికెళ్లాలండీ. ఇక్కడికెందుకొచ్చేరు?"

చుట్టుపక్కల వాళ్లు కిసుక్కుమన్నారు. శ్యామ్ చెవులు ఎర్రబడ్డాయి.

కొత్తపేటలో కాలవ గట్టు మీదున్న ఆ హాల్లో ప్రతి రెండో శనివారం మ్యాట్నీకి పాత దెయ్యం సినిమా వేస్తారు. కొత్త సినిమాలకి ఈగలు తోలుకునే హాలు ఆ పూట మాత్రం కిటకిటలాడిపోతుంది. అరచేతిలో ప్రపంచమంతా ఉన్న ఈ రోజుల్లో, తాతల నాటి నలుపు తెలుపు దెయ్యం కోసం ఇంతమంది ఎందుకొస్తారో శ్యామ్‌కి అంతుపట్టలేదు. అతను వానకి తలదాచుకోవడానికి దూరాడు, అంతే.

ఇంటర్వెల్‌లో మిరపకాయ బజ్జీల దగ్గర ఆ అమ్మాయిని వెతికి పట్టుకున్నాడు.

"సారీ అండీ. వృత్తిదోషం. నేను సినిమాలకి గ్రాఫిక్స్ చేస్తానండీ. ఇంట్లో కూర్చునే, హైదరాబాద్ కంపెనీకి. దెయ్యాలు నా స్పెషాలిటీ."

"ఓ, మీరేనా? మొన్నొక గ్రాఫిక్స్ దెయ్యాన్ని చూస్తూ హాయిగా నిద్రపోయేనండీ. అది మీదేనేమో!"

అతని మొహం మాడిపోవడం చూసి జాలి కలిగిందో ఏమో, తన బజ్జీలో సగం తుంచి ఇచ్చింది. వాన చినుకులు ఆమె కనురెప్పల మీద ఆగి ఉన్నాయి. ఆ సగం బజ్జీకే మనవాడు మునిగిపోయాడు.

అప్పట్నించి రెండో శనివారం వచ్చిందంటే చాలు, ఎండైనా వానైనా హాజరు. శారోన్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరు. ఆమె తెర చూసేది, ఇతను ఆమెను చూసేవాడు. తాడు కనబడితే పళ్లు బిగించి నవ్వాపుకునేవాడు. కార్తీకం వచ్చేసరికి ధైర్యం చేశాడు.

"మా ఇంట్లో చెప్పేనండీ. మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటారు?"

శారోన్ సిగ్గుపడుతుందనుకున్నాడు. ఆమె దిగులుగా చూసింది.

"మా ఇంట్లో పెళ్లిచూపులు ఇంట్లో జరగవండీ. ఇక్కడే, ఈ హాల్లో."

"అదేంటండీ?"

"మా అమ్మమ్మ పెట్టిన ఆనవాయితీ. 'కాఫీ ఇచ్చి కూర్చోబెడితే ఎవడైనా బుద్ధిగానే ఉంటాడు. చీకట్లో కూర్చోబెట్టండి, మనిషేంటో తెలుస్తాది' అంటుంది. మా అమ్మకీ, పిన్నులకీ అలాగే కుదిరేయి. నాకొచ్చిన ఒకతను సినిమా అంతా ఫోన్ చూసుకున్నాడు. ఇంకొకతను నేను ఉలిక్కిపడితే నవ్వేడు. ఇద్దర్నీ వద్దంది."

"మీకు నేనిష్టమే కదండీ?"

"చాలా. కానీ అమ్మమ్మ కాదంటే నేనూ కాదంటానండీ. నన్ను పెంచింది ఆవిడే."

ఆ మాటతో శ్యామ్‌కి నిజంగా భయం పట్టుకుంది. దెయ్యమంటే కాదు, దెయ్యానికి భయపడలేనేమోనని.

చెల్లెలు పింకీ సలహా ఇచ్చింది. "నటించన్నయ్యా! ఆ సినిమా ఫోన్‌లో ఉంటది కదా. దెయ్యం ఎక్కడొస్తదో చూసి పెట్టుకో. రాగానే 'బాబోయ్' అని కేకెయ్యి. ముసలావిడ కరిగిపోద్ది."

పెళ్లిచూపుల శనివారం వేసే సినిమా పేరు 'లంకలో లాంతరు'. శ్యామ్ దాన్ని ఫోన్‌లో రెట్టింపు స్పీడులో పరిగెత్తించి, దెయ్యం వచ్చే చోట్లన్నీ కంఠతా పట్టాడు. పింకీ ముందు కేకలు కూడా ప్రాక్టీసు చేశాడు. పక్కింటి వాళ్లు ఏమైందోనని వచ్చి అడిగి వెళ్లారు.

ఆ శనివారం రానే వచ్చింది. అమ్మమ్మ అచ్చమ్మగారు కాట్రేనికోన నుంచి బస్సులో దిగారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. శ్యామ్ నమస్కారం పెడితే ఎగాదిగా చూసి, "కూర్చో బాబూ," అన్నారు. శారోన్‌కీ అతనికీ మధ్య సీట్లో తనే కూర్చున్నారు.

లైట్లారిపోయాయి.

మొదటి సగం అతను లెక్కప్రకారమే చూశాడు. దెయ్యం వచ్చేది ఇంటర్వెల్ తర్వాత, రేవు సీన్లో. గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

వెన్నెల. గోదారి. అవతలి లంకలో ఒక లాంతరు వెలిగింది. ఖాళీ పడవొకటి, తెడ్డు వేసే మనిషి లేకుండా, ఇవతలి రేవుకేసి బయల్దేరింది. సంగీతం లేదు. నీళ్లు చెక్కని తట్టే చప్పుడు మాత్రమే. కెమెరా కదలదు. పడవ ఎంతసేపటికీ రాదు, చూపు తిప్పుకోనివ్వదు.

ఫోన్‌లో ఈ సీను చిటికెలో దాటిపోయింది. ఇక్కడ పడవ గోడంత ఉంది. హాల్లో చిన్నపిల్లలు కూడా కిక్కురుమనడం లేదు. అంతమంది ఒక్క ఊపిరితో ఎదురుచూస్తున్నారు.

పడవ రేవుకి తగిలి ఆగింది. ఎవరో దిగినట్టు ఒక్కసారి పైకి తేలింది.

తర్వాత రాతిమెట్ల మీద ఒక్కొక్కటిగా తడి అడుగులు పడ్డాయి.

శ్యామ్ వెన్నులో చలి పాకింది. తను నెలల తరబడి దెయ్యాలకి వెంట్రుక వెంట్రుకా గీశాడు. వీళ్లు ఏమీ గీయలేదు. ఆ పడవని నడిపించినవాళ్లు, ఆ లాంతరు వెలిగించినవాళ్లు ఈపాటికి ఎవరూ ఉండి ఉండరు. వాళ్ల పడవ మాత్రం ఇంకా వస్తూనే ఉంది. ఇలాంటి గొప్ప పనిని ఆరోజు తాడు చూసి నవ్వినందుకు అతనికి సిగ్గేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఈ సినిమాలోనూ తెల్లచీర దెయ్యం వచ్చింది, వెళ్లింది. అతను కేక వెయ్యలేదు. ఆ సంగతే గుర్తులేదు. లైట్లు వెలిగాక చూసుకుంటే అచ్చమ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. గబుక్కున వదిలేశాడు.

బయట సన్నగా వాన. ముగ్గురూ హాలు మెట్ల మీద ఆగారు.

"ఎలాగుంది బాబూ?" అచ్చమ్మగారు అడిగారు.

అబద్ధం చెప్పడం ఇక అతని వల్ల కాలేదు.

"నేనొక తప్పు చేసేనండీ. మీరు ఒప్పుకోవాలని, ఎక్కడ కేకెయ్యాలో ఫోన్‌లో చూసి నేర్చుకొచ్చేను."

"ఏంటీ?" శారోన్ కళ్లు నిప్పులు కురిశాయి. "మా అమ్మమ్మ ముందు నాటకమా?"

"ఆడలేకపోయేనండీ! ఆ పడవొచ్చి ఆగేసరికి నోరు పెగల్లేదు. అందులో ఎవరూ లేరండీ. అదేనండీ నన్ను పట్టుకుంది. ఇన్నాళ్లూ నేను తాళ్లే చూసేను, సినిమా చూళ్లేదు."

అచ్చమ్మగారు వానకేసి చూస్తూ చెప్పసాగారు.

"పదహారేళ్లప్పుడు ఈ సినిమా చూసి, దెయ్యానికి దడుచుకున్నాను. పిల్లలు పుట్టేక చూస్తే, ఆ రేవులో ఆడుకునే పిల్లోడికేమవుద్దోనని దడుచుకున్నాను. ఇప్పుడేమో ఆ దెయ్యం మీదే జాలేస్తాది, ఒక్కత్తీ ఎన్నాళ్లు ఎదురుచూసిందోనని. సినిమా అదే బాబూ. ఎప్పటికప్పుడు భయమే కొత్తది." కాస్త ఆగి అన్నారు. "కేకలేసినోళ్లని చాలామందిని చూశాను. దడుచుకున్నానని నిజం చెప్పినోణ్ణి ఇప్పుడే చూస్తన్నా."

శ్యామ్‌కి బోధపడలేదు. ఇంతకీ ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? శారోన్‌కేసి చూశాడు. ఆమె ఇంకా బిగుసుకునే ఉంది.

"శారోన్ గారూ, బస్టాండుకెళ్లే దారిలో కాలవ రేవుందండీ. నిజంగా చెబుతున్నాను, ఒక్కణ్ణీ దాటలేను. తోడొస్తారా?"

"ఈ ఒక్క పూటకేనా?"

"కాదండీ. ఎప్పటికీ."

ఆమె పెదవి కొరుక్కుని అమ్మమ్మకేసి తిరిగింది.

"నన్ను చూస్తావేంటే? అడిగింది నిన్ను."

"ఆయ్, వస్తానండీ," అంది శారోన్, వాన చప్పుడులో వినీ వినబడకుండా. శ్యామ్‌కి మాత్రం హాలంతా ప్రతిధ్వనించినట్టు వినబడింది.

అచ్చమ్మగారు గొడుగు విప్పి, ఇద్దర్నీ చెరోపక్కకీ లాక్కున్నారు.

"అయితే నడవండి, నన్ను మధ్యలో పెట్టుకుని. ఆ రేవు దాటాలంటే నాకూ భయమే."