చలికోట్లు నిండిన బడిగది

"ఈ కోట్లన్నీ పంపింది మీరేనా?"

టీచర్ అలా అడగ్గానే దులో గర్వంగా తలూపాడు. అతను పక్క దీవి సెబూ వాడు, జపాన్‌లో మంచు పడే ఊళ్లో హోటల్ వంటవాడు. తుఫాను వార్త విని ఇల్లిల్లూ తిరిగి కోట్లు పోగుచేసి ఓడకెక్కించి, వెనకే తనూ లెయ్తే దీవి తీరంలోని ఈ పల్లెకు వచ్చాడు. థాంక్స్ చెబుతుందనుకున్నాడు.

"అయితే మీరే తీసుకెళ్లండి సార్," అంది టీచర్ ఇసిద్రా. "ఊళ్లో కప్పు మిగిలింది ఈ గదికొక్కదానికే. మీ కోట్లు లోపల, నా పిల్లలు వానలో. ఇక్కడ మంచు ఎప్పుడు పడుతుందో కాస్త చెప్తారా?"

"మంచి మనసుతో ఇచ్చారండీ."

"మనసు మంచిదే. అడ్రసే తప్పు."

దులో ముఖం కందిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"ఇంకో సంగతి. వేసిన తాళం వేసినట్టే ఉంటోంది, రోజూ రెండు మూడు కోట్లు మాయమవుతున్నాయి. ఒడ్డున ఎవరో కోట్లు వేసుకుని నిలబడుతున్నారట. జాలర్లు పిలిస్తే పలకరట."

దులో నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం వానలో ఇద్దరూ ఒడ్డుకు బయల్దేరారు.

"భయమైతే ఆగిపోండి," అంది ఇసిద్రా.

"నాకా భయం? గొడుగు మీ చేతిలో ఉంది కాబట్టి వస్తున్నా."

తలలు తెగిన కొబ్బరిచెట్లు దాటాక ఇద్దరూ ఒక్కసారే ఆగారు.

తుఫానులో పోయినవాళ్లను పేర్లు తెలియకుండానే కలిపి పూడ్చిన చోటది. అక్కడ వరసలు వరసలుగా కోట్లు నిలబడి ఉన్నాయి. పైన తలలు లేవు. గాలి లేకపోయినా చేతులు మెల్లగా లేచి, మళ్లీ వాలాయి.

ఇసిద్రా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరనున్న నల్లకోటు ఎడమ భుజం కిందికి వాలి ఉంది.

"తుఫానులో పోయిన మా నాన్న అలాగే నిలబడేవారు," అంది.

దులో వెళ్లి కోటు తెరిచాడు. లోపల చెక్క శిలువ. కానీ పైన తడిసి ముద్దయిన ఆ కోటు లోపల వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే విప్పినట్టు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"దాన్నలాగే ఉండనీ నాయనా."

ఇంకో రెండు కోట్లు భుజాన వేసుకుని ఇసిద్రా అమ్మమ్మ బసిల్యా వస్తోంది.

"నువ్వా! తాళంచెవి?"

"నీ తలగడ కిందే కదే. నీళ్లలో పోయినవాళ్లకు చలి వదలదు. బతికినవాళ్లకెలాగూ ఇవి పనికిరావు."

దులో ఆమె భుజాన ఉన్న కోట్లు అందుకున్నాడు. "బతికినవాళ్లకేం కావాలి అమ్మమ్మా?"

"ఇన్నాళ్లకు ఒకడు అడిగాడు! వలలు, మేకులు, పడవచెక్క. కొండవతల సంతలో దొరుకుతాయి. అక్కడి అంగళ్లవాళ్లూ బతకాలిగా."

ఆ సాయంత్రమే దులో జపాన్‌లోని మిత్రుడికి ఫోన్ చేశాడు.

"ఇంక ఒక్క చొక్కా కూడా పంపొద్దు. ఇక్కడ ఎప్పట్నుంచో పనిచేస్తున్న జాలర్ల సంఘం ఉంది, డబ్బు వాళ్లకే పంపండి. ముందు వాళ్లతో మాట్లాడండి. ఏం కొన్నారో తర్వాత అడగండి, మొహమాటపడకండి."

"మా కోట్లు ఎవరికీ నచ్చలేదా?"

"నచ్చాయి. చనిపోయినవాళ్లకి."



డబ్బు వచ్చింది, పడవలు నీళ్లలోకి దిగాయి. మిగిలిన కోట్లను ఆడవాళ్లు పరుపులుగా కుట్టేశారు. పిల్లలు గదిలోకి చేరారు. దులో మాత్రం తిరిగి వెళ్లలేదు. ఎందుకని అడిగితే, వలలు లెక్కచూడాలనేవాడు.

"రోజూ మా గుమ్మం ముందేనా వలలుండేది?" అనేది ఇసిద్రా.

నవంబరులో, చనిపోయినవాళ్ల పండుగనాడు, ముగ్గురూ సమాధుల దగ్గర భోజనానికి కూర్చున్నారు. దులో వండాడు. పోయిన ఇసిద్రా నాన్నకూ ఒక పళ్లెం పెట్టాడు.

"మీ మనవరాల్ని చేసుకుంటా అమ్మమ్మా."

"నన్నడుగుతావేం? అదిగో, వాళ్ల నాన్ననడుగు."

దులో నల్లకోటున్న శిలువ వైపు తిరిగాడు. గట్టిగానే అడిగాడు. అలల చప్పుడు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

"ఒప్పుకున్నారు," అంది ఇసిద్రా.

"ఎలా తెలుసు?"

"వద్దంటే మీరీపాటికి పరుగెత్తుతుండేవారు."

ఆమె నవ్వుతూ అతని పక్కకు జరిగి కూర్చుంది. ఎవరూ ముట్టని పళ్లెంలో, అన్నం మధ్య, ఒక ముద్ద తీసినంత గుంట పడి ఉంది. ముగ్గురూ చూశారు. బసిల్యా ఇంకొంచెం వడ్డించింది.