ఎవరి కుడి చెయ్యి?

"ఇన్నాళ్ళూ ఈయన చేత ఎక్సర్‌సైజులు చేయించిన మహానుభావులెవరు?"

ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి సాయంత్రమే ఆమె నోట వచ్చిన మాట అది. ఫిజియోథెరపిస్టు కదా, మామూలుగా అయితే ముందు "నొప్పి ఎలా ఉందండీ" అని పలకరించాలి. కానీ పొద్దున్నుంచీ క్లినిక్‌లో ఊపిరి సలపని పని, ఆపైన ఇళ్ళకు వెళ్ళి చూసే పేషెంట్లు. ఈ ఇల్లు వరసలో ఆఖరిది. మెట్లెక్కి వచ్చేసరికి ఆమె దగ్గరున్న మర్యాదలన్నీ అయిపోయాయి.

మంచం మీద కూర్చున్న పెద్దాయన రిటైరైన డ్రిల్లు మేష్టారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. ఆమె పట్టుకుని చూస్తే అది తడిగుడ్డలా వేలాడుతోంది. ఎడమ చెయ్యి మాత్రం కండలు తిరిగి కుస్తీకి సిద్ధంగా ఉంది.

"నేనేనండీ," అన్నాడు మనవడు తలుపు దగ్గర నిలబడి. "అంటే, నేను కాదు. వాడు."

వాడు టేబుల్ మీద నిలబడి ఉన్నాడు. మూరెడు ఎత్తు మరమనిషి. అల్యూమినియం ఎముకలు, కీలు కీలుకీ ఒక బుల్లి మోటారు, వీపున బ్యాటరీ, మొహం ఉండాల్సిన చోట రెండు లైట్లు. పెట్టె నిండా విడిభాగాలుగా వచ్చే రోబో కిట్ కొని, ఆఫీసు పని ముగిశాక ఒక్కో మరా బిగిస్తూ నిలబెట్టాడట. తాతయ్య మనుషుల మాట ఎలాగూ వినడు, బొమ్మ చేసి చూపిస్తే సరదాకైనా చేస్తాడని అతని ఆశ. ఆ ఆశ కోసం పోగొట్టుకున్న నిద్రంతా అతని కళ్ళ కింద నల్లగా కనిపిస్తోంది.

"ఏదీ, చేయించండి చూద్దాం."

అతను లాప్‌టాప్ మీద మీట నొక్కాడు. రోబో 'కీ' మని కూసి కుడి చెయ్యి పైకెత్తింది. మేష్టారు ఛాతీ విరుచుకుని, మహా ఠీవిగా, ఎడమ చెయ్యి ఎత్తారు.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"మీకు కుడీ ఎడమా తెలుసా అండీ?"

"అది కుడి చెయ్యే కదండీ!"

"దాని కుడి. ఎదురుగా నిలబెడితే అది ఈయన ఎడమ వైపుకి వస్తుంది. చూసి చేసేవాళ్ళు అద్దంలో చూసినట్టే చేస్తారు. అందుకే మేం 'కుడి' అని చెప్పి మా ఎడమ చెయ్యి ఎత్తుతాం. ఇన్నాళ్ళూ మీరు బాగున్న చేతికి వైద్యం చేశారు."

అతను బిక్కమొహం వేశాడు. "తాతయ్యా, నీకు తెలీలేదా?"

"ఎందుకు తెలీదురా? పిల్లల ముందు నిలబడి ఎడమ చెయ్యెత్తి 'రైట్' అని అరిచి అరిచి రిటైరైనవాణ్ణి! లీడరు ఏ చెయ్యెత్తితే దానికి అద్దం చెయ్యి ఎత్తాలి. అది డిసిప్లిను."

"మరి తప్పని చెప్పొచ్చుగా!"

"లీడరుకి ఎదురు చెప్పడం నా డ్రిల్లులో లేదు. పైగా," అని మేష్టారు గొంతు తగ్గించారు, "ఈ చెయ్యయితే సుఖంగా లేస్తోంది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక పెదవి కొసన ఆపేసింది. అయినా అతను చూశాడు. అతను చూశాడని ఆమె కూడా చూసింది. ఇద్దరూ వెంటనే మేష్టారి చేతి మీద ఎక్కడలేని శ్రద్ధ చూపించారు.

మర్నాడు ఆమె వచ్చేసరికి అతను గర్వంగా నిలబడి ఉన్నాడు. "సరిచేశానండీ. కుడి మోటారు ఎంత తిరగాలో చెప్పే నంబర్లన్నీ తీసి ఎడమ మోటారుకి ఇచ్చేశా. చిటికెలో పని."

మీట నొక్కాడు. రోబో ఎడమ చెయ్యి పైకి లేవకుండా వెనక్కి గిర్రున తిరిగింది. ఆ ఊపుకి లీడరు వెల్లకిలా పడ్డాడు.

"లీడరు స్పృహ తప్పాడు. నీళ్ళు చల్లండి," అన్నారు మేష్టారు.

"మోటార్లు రెండు వైపులా ఎదురెదురుగా బిగించి ఉంటాయండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "ఒక వైపు నంబరు పెంచితే చెయ్యి లేస్తుంది, రెండో వైపు తగ్గించాలి. తెలిసిన సంగతే. నిన్న చేస్తూ చేస్తూ కునుకు తీశాను."

ఆమె తిడదామనుకుంది. కునుకు అన్న మాట విన్నాక మనసు రాలేదు. బ్యాగు కింద పెట్టి, రోబోను లేపి వేలితో భుజాలు తడిమింది.

"ఈ ఎడమ భుజం కూడా వంకరగానే ఉంది. కుడి చెయ్యి నిటారుగా వేలాడుతుంటే ఇదేమిటి, ఎవరినో పిలుస్తున్నట్టు?"

"మోటారుని ముందు దాని తిరుగుడులో సరిగ్గా నడిమికి తెచ్చి, ఆ తర్వాత చెయ్యి తగిలించాలండీ. అదీ కునుకు ఖాతాలోనే."

"చెయ్యి నేను నిటారుగా పట్టుకుంటాను. మీరు మోటారుని నడిమికి తెచ్చి మర బిగించండి. భుజాలు పట్టుకోవడం నాకు అలవాటేగా."

కందిగింజంత మర. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. అతని వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. "సారీ" అన్నాడు. మళ్ళీ తగిలాయి. ఈసారి సారీ చెప్పడం మరిచిపోయాడు. ఆమె కూడా గుర్తు చేయలేదు.

"మీకు ఈ అద్దం అలవాటు బయట కూడా వస్తుందా?" అని అడిగాడు.

"రాకేం! టాక్సీ ఎక్కి 'కుడికి పోనివ్వండి' అంటూ ఎడమ వైపు చూపిస్తాను. డ్రైవర్లు నన్ను చూసి దణ్ణం పెడతారు."

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి మర ఎక్కడికో ఎగిరిపడింది. దాని కోసం ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద వెతుకుతుంటే, మేష్టారు మంచం మీద నుంచి డ్రిల్లు గొంతుతో "లెఫ్ట్! ఇంకొంచెం లెఫ్ట్!" అని దారి చూపించారు. ఎవరి లెఫ్టో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు వెళ్ళే ముందు ఆమె అలవాటు ప్రకారం ఇంటివాళ్ళకు చెప్పే మాట చెప్పింది. "నిండు గ్లాసు కుడి చేత్తో ఎత్తి ఈయన తాగిన రోజున ఇక నాతో పని ఉండదు. అక్కడితో ఇంటికి రావడం ఆపేస్తాం. త్వరగా ఆ రోజు రావాలని కోరుకుందాం."

"కోరుకుందాం," అన్నాడతను హుషారుగా. అప్పటికి ఆ మాట అర్థం ఇద్దరికీ సరిగ్గా తెలీదు.

రోజులు గడిచాయి. ఆమె ఎంత ఎత్తు చెబితే అతను అంత ఎత్తుకు లీడరు చెయ్యి లేపేవాడు. మేష్టారి కుడి చెయ్యి మొదట ఒడిలో కదిలింది, తర్వాత పొట్ట దాకా వచ్చింది. ఆమెకు పని తగ్గింది. లీడరు చేసి చూపిస్తాడు, మేష్టారు చేస్తారు, ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని భుజం సరిగ్గా తిరుగుతోందో లేదో కనిపెడుతుంది. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది ఆ కుర్చీలోనే.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. కిటికీ అవతల సన్నటి జల్లు, ఇవతల మోటార్ల సన్నటి రొద. ఆమె కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో ఆమెకే తెలీదు. ఉలిక్కిపడి లేచేసరికి వాన వెలిసింది. మేష్టారు ఆరోజు పాఠం ముగించి పడుకున్నారు. అతను నేల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఒక చిన్న ఎర్ర తీగ.

"అయ్యో, లేపొచ్చుగా! లీడరు కూతకి కూడా మెలకువ రాలేదా నాకు?"

"కూత లేదండీ. స్పీకరు తీగ పీకేశా."

అందరూ ఆమె నుంచి ఏదో ఒకటి అడిగేవాళ్ళే, ఇంకొక్కసారి చూడండి, ఇంకాస్త నొక్కండి అని. ఆమె నిద్ర కోసం ఒక తీగ పీకినవాళ్ళు ఇంతవరకూ లేరు. బ్యాగు అందుకుని "వస్తానండీ" అంది. మెట్లు దిగుతుంటే ఆ రోజు మొదటిసారి, ఈ ఇంటికి రాని సాయంత్రాలు ఎలా ఉంటాయా అని ఆలోచించింది. ఆలోచన నచ్చక అక్కడే తుంచేసింది.

తుంచేస్తే ఆగుతుందా? మేష్టారి చెయ్యి ఛాతీ దాటింది. ఇంకొక్క బెత్తెడు లేస్తే నోరు అందుతుంది.

"రేపటికి లీడరు చెయ్యి గడ్డం దాకా పెంచండి," అని చెప్పి వెళ్ళింది.

మర్నాడు లీడరు చెయ్యి ఛాతీ దగ్గరే ఆగింది.

"మోటారు పట్టేసిందండీ," అన్నాడతను, ఆమె మొహం చూడకుండా.

ఆమె లీడరు దగ్గరికి వెళ్ళి పవరు ఆపింది. వాడి ఎడమ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా ఎత్తింది. రోజంతా పట్టేసిన కీళ్ళు చూసే వేళ్ళవి. చెయ్యి ఎక్కడా ఆగకుండా వెన్నలా గడ్డం దాకా లేచింది, తల మీదికీ లేచింది.

మేష్టారు గోడ వైపు తిరిగి నిద్ర నటించడం మొదలుపెట్టారు.

"పట్టేసింది మోటారు కాదు," అంది ఆమె.

"కాదు," అని ఒప్పుకున్నాడు. "నంబరు మార్చి కూడా పెట్టాను. దాన్ని నొక్కలేక పాతదే నడిపించాను. నొక్కితే తాతయ్య గ్లాసు ఎత్తేస్తాడు."

"ఎత్తకూడదా?"

"ఎత్తాలి. ఎత్తితే మీరు రారు." అతని గొంతు నీరసంగా ఉంది. "తప్పేనండీ. ఒక్కరోజు ఆపుదామనుకున్నా. ఆఫీసులో రోజంతా ఎవరెవరో అరుస్తుంటే, సాయంత్రం మీరొస్తారు కదా అని లాక్కొస్తున్నా."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. "ఆయన చెయ్యి అది! మీకూ నాకూ బాగుండడం కోసం ఆయన చెయ్యి ఆగకూడదు!"

అన్నాక గానీ తానేమందో ఆమెకు తెలీలేదు. మీకూ, నాకూ. అతను తలెత్తాడు. ఆమె చెంపలు వేడెక్కాయి. గబగబా బ్యాగు సర్దుకుంది. "రేపు నేను వచ్చేసరికి గడ్డం దాకా లేవాలి," అని గుమ్మం దాటేసింది.

మర్నాడు క్లినిక్‌లో ఆమె ఒకావిడ బాగున్న మోకాలికి కట్టు కట్టబోయింది. సాయంత్రం మెట్లెక్కుతుంటే కాళ్ళు వెనక్కి లాగాయి.

లీడరు టేబుల్ మీద సిద్ధంగా ఉన్నాడు. మనవడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా చెయ్యి వణకకుండా మీట నొక్కాడు. లీడరు ఎడమ చెయ్యి గడ్డం దాకా లేచింది. నిండు గ్లాసు పట్టుకున్న మేష్టారి కుడి చెయ్యి వణుకుతూ, ఆగుతూ, మళ్ళీ లేస్తూ నోటిదాకా వచ్చింది. సగం నీళ్ళు చొక్కా తాగింది. మిగతా సగం మేష్టారు తాగారు.

తాగి, గ్లాసు కింద పెట్టి, తన కుడి చేతిని తానే కొత్తగా చూసుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకూ తిరిగాయి. ఒక్క క్షణం తన బెంగ సంగతి నిజంగానే మరిచిపోయింది.

తర్వాత గుర్తొచ్చింది. బ్యాగు భుజాన వేసుకుంది. అతను గుమ్మం దాకా వచ్చాడు.

"థాంక్సండీ," అని, ఏం చెయ్యాలో తోచక, షేక్‌హ్యాండ్ కోసం కుడి చెయ్యి చాపాడు.

ఆమె కూడా చాపింది. ఎడమ చెయ్యి. ఎదురుగా ఎవరు కుడి చెయ్యెత్తినా ఆమెకు వచ్చేది అదే.

"తప్పు చెయ్యి చాపారండీ," అన్నాడు, నవ్వలేక నవ్వుతూ.

ఆమె సర్దుకోబోయి ఆగింది. చాపిన రెండు చేతుల వైపూ చూసింది. మెల్లగా వెళ్ళి అతని పక్కకు చేరి, అతను చూస్తున్న వైపే తిరిగి నిలబడింది. అతని కుడి చేతిలో ఆమె ఎడమ చెయ్యి ఎక్కడా మెలిక పడకుండా ఇమిడిపోయింది.

"వెళ్ళొస్తానని చెప్పడానికైతే తప్పు చెయ్యే," అంది. "పక్కన నడవడానికైతే ఇదే సరైనది."

అతను ఆ చెయ్యి వదల్లేదు. "రేపు... రేపు పేషెంటు ఎవరూ లేరుగా మా ఇంట్లో."

"అందుకే వస్తాను. కుర్చీలో కూర్చోవడానికి. స్పీకరు తీగ మళ్ళీ తగిలించారా?"

"లేదు."

"తగిలించకండి."

ఇద్దరూ మెట్ల వైపు ఒక అడుగు వేశారు. వెనక నుంచి, ఇంకా తన చేతినే చూసుకుంటున్నారనుకున్న మేష్టారి డ్రిల్లు గొంతు ఇల్లంతా మోగింది.

"లెఫ్ట్... రైట్... లెఫ్ట్... ఒరేయ్, ఆ అమ్మాయి అలిసిపోయి ఉంది, మెల్లగా నడు!"