తెల్లారేసరికి నీళ్లయ్యే మంచు

పొద్దున్నే ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చేసింది. "మా నాన్న గొంతులోకి మంచుముక్క తప్ప ఇంకేమీ దిగడం లేదండీ. ఇంట్లో ఐసు మెషీన్ని ఎవరో కావాలని పాడుచేస్తున్నారు," అంది.

ఖూనీకేసులు పోయి ఐసు దాకా వచ్చిందా మన బతుకు అనుకున్నాడు అసిస్టెంటు. కానీ అందరూ డేగ అని పిలిచే అతని గురువు, పేరుమోసిన డిటెక్టివు, అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

దారిలో ఆవిడ సంగతంతా చెప్పింది. పగలంతా మెషీను బాగానే మంచు కడుతుంది. తెల్లారేసరికి తొట్టెలో నీళ్లే మిగులుతాయి. మెకానిక్కు పగటిపూట వచ్చి చూసి, ఏ లోపమూ లేదని వెళ్లిపోయాడు. సాయంత్రం మెషీను దగ్గర చివరగా ఉండేది నర్సు. రాత్రి నాన్న దగ్గర ఉండేది అమ్మ. అమ్మను అనుమానించలేను కాబట్టి నర్సును ఈవేళే పంపించేస్తానంది.

గదిలో మెషీను మంచానికి ఆనుకునే ఉంది. పెదవులు పగిలిపోయిన భర్తకు పెద్దావిడ తడిగుడ్డ అద్దుతోంది. ఆ నోరు చూడగానే అసిస్టెంటుకు వెటకారం ఎగిరిపోయింది. నర్సు ప్లగ్గు పీకేస్తోందేమో సార్ అని గొణిగాడు. డేగ అతని చెయ్యి పట్టి మెషీను పక్కన ఆనించాడు.

"ప్లగ్గు పీకితే దీని ఒళ్లు ఇలా కాలుతుందా?"

తర్వాత మెషీను జాలీలోంచి గోధుమరంగు పీచు ఒకటి లాగాడు. మీరేం పని చేసేవారమ్మా అని పెద్దావిడను అడిగాడు. పెళ్లయినప్పటినుంచీ ఇద్దరం బండిమీద మంచుగడ్డలు అమ్మేవాళ్లమంది. ఎండలో కరగదా అంటే ఆమె ముఖం వెలిగింది. "గోనెపట్టాతో బిగించి చుడితే ఎక్కడికి పోతుంది నాయనా?"

డేగ కూతుర్నీ నర్సునూ మంచం దగ్గరికి పిలిచాడు.

"నర్సమ్మ తప్పేమీ లేదు. మంచు కట్టాలంటే మెషీను తన వేడిని ఈ జాలీలోంచి బయటికి తోసెయ్యాలి. రాత్రిళ్లు దీన్ని గోనెతో చుడుతున్నారు. వేడి లోపలే ఉండిపోయి, కట్టిన మంచు కూడా కరిగిపోతోంది. పొద్దున విప్పగానే మళ్లీ కోలుకుంటోంది." ఎవరు చుట్టారో చెప్పలేదు. మంచం కింద మడతపెట్టిన పట్టా అందరికీ కనిపిస్తూనే ఉంది.

పెద్దావిడ చేతిలో గుడ్డ జారిపోయింది. "అంటే... ఇన్నాళ్లూ ఈయన నోరు ఎండగట్టింది నేనా?"

కూతురు నర్సు చెయ్యి పట్టుకుంది. అప్పుడు ముసలాయన గొంతు గీరుకుంటూ పలికింది.

"అది వేడెక్కడం నాకు మొదటిరోజే తెలిసిందే."

"మరి చెప్పలేదేం?" అంది పెద్దావిడ.

"మంచాన పడ్డాక నువ్వు నన్ను చూసి ఏడవడమే గాని మాట్లాడింది లేదు. ఆ గోనె చుట్టేటప్పుడే... 'కొస గట్టిగా పట్టుకో మొద్దూ' అంటావు, బండి దగ్గర అన్నట్టు. అందుకే చెప్పకుండా పట్టుకున్నా."

అసిస్టెంటు కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మెషీను మళ్లీ మంచు కట్టేదాకా ఎవరూ ఆ గదిలోంచి కదల్లేదు. నర్సు మొదటి ముక్క తీసి పెద్దావిడ అరచేతిలో పెట్టింది. ఆమె దాన్ని భర్త నాలుకమీద ఉంచింది.

"నోరు మూసుకో మొద్దూ, కారిపోతుంది," అంది ఏడుస్తూనే.