వేలెడు దూరం

"ఆగాగు! చెప్పులు!"

పిడుగు గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ ముద్దుగా పెట్టిన పేరది. ఇంట్లో పిడుగు చేతి గుద్దు తినని దిండు లేదు.

చెప్పులు విప్పి గోడ వారగా వరసలో పెట్టింది. కరాటే గదిలోకి అడుగు వేయబోతుంటే, ఇందాక ఆపిన కళ్లజోడక్క ఈసారి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ అక్క నడుముకు గోధుమరంగు బెల్టు ఉంది, నల్లబెల్టుకు ముందుది.

"వంగి నమస్కారం పెట్టి వెళ్లాలి."

"ఎవరికక్కా? లోపల ఎవరూ లేరుగా!"

"గదికి."

"గది చూస్తుందా ఏంటి?" పిడుగు కిసుక్కున నవ్వింది. అక్క నవ్వలేదు. పిడుగు గబుక్కున వంగింది.

పిడుగుకు తొలి క్లాసు మొదలైంది. పెంకులు పగలగొట్టిస్తారనుకుంటే, మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకోమన్నారు. అంతమంది పిల్లలున్నా ఫ్యాను చప్పుడొక్కటే వినిపించింది. తర్వాత నిలబడటం నేర్పారు. అదీ ఒక పాఠమేనా అనుకుంది పిడుగు. కాసేపటికే తొడలు వణికాయి.

చివరికి ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టారు. మాస్టారిది తాతయ్య వయసు. గొంతు పెంచరు.

"గుద్దు ముఖం దాకా వెళ్లాలి, తగలకూడదు. వేలెడు దూరంలో ఆగాలి. మెల్లగా."

కళ్లజోడు తీసి కిటికీలో పెట్టి, అక్క పిడుగు ఎదుట నిలబడింది.

మెల్లగా అంటే పిడుగుకు నామోషీ అనిపించింది. తన బలమేమిటో అందరూ చూడాలనుకుంది. గట్టిగా అరిచి గుద్దింది.

పిడికిలికి మెత్తగా ఏదో తగిలింది. అక్క పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"నేను... కావాలని కాదు," అంది పిడుగు.

మాస్టారు అక్కకు తడిగుడ్డ ఇచ్చి, పిడుగు ముందుకొచ్చారు.

"కళ్లు తెరిచి ఉంచు. కదలకు."

ఆయన చెయ్యి కదిలినట్టే కనిపించలేదు. ముఖానికి గాలి కొట్టింది. నుదుటి మీది జుట్టు లేచింది. ముక్కుకు వెంట్రుకవాసిలో పిడికిలి! కణుపుల మీది పాత కాయలు కూడా కనిపిస్తున్నాయి. అంత వేగంగా వచ్చిన చెయ్యి రాయిలా నిలిచిపోయింది. అడ్డం వచ్చిందేమీ లేదు.

పిడుగు కళ్లు ఆ పిడికిలి మీదే ఉండిపోయాయి.

"ఎలా... ఎలా ఆపారు మాస్టారూ?"

"నాకు గుద్దడం తొందరగానే వచ్చింది. ఆపడం ఇప్పటికీ నేర్చుకుంటున్నా."

"నన్ను ఇంక రావద్దంటారా?"

"నన్నడుగుతావేం? దెబ్బ తిన్నది నేను కాదుగా."

పిడుగు అక్క వైపు తిరిగింది. "తప్పయిపోయిందక్కా. నాతో ఇంకెవరూ నిలబడరేమో."

అక్క గుడ్డ పక్కన పెట్టింది. "నేను నిలబడతాలే. పళ్లు మాత్రం మిగల్చు తల్లీ!"

పిల్లలంతా గొల్లున నవ్వారు. అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

పిడుగుకు చెయ్యి చాపాలంటేనే భయం వేసింది. ఈసారి అరవలేదు. చాలా మెల్లగా పిడికిలిని ముందుకు పంపింది. అక్క రెప్ప వేయలేదు. వాచిన పెదవికి వేలెడు దూరంలో పిడికిలి ఆగింది. వణుకుతూనే ఆగింది.

"మళ్లీ," అన్నారు మాస్టారు.

పిడుగు చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకా మెల్లగా మొదలుపెట్టింది.