పదిహేడో మెట్టు

ఉదయం 9.40కి పాత మఠం గంట గోపురం మెట్ల కింద ఒక గూఢచారి శవం దొరికింది. మెట్ల మీద నుంచి జారి పడి మరణం అని పోలీసు రిపోర్టు.

మూడు వారాల తర్వాత చీఫ్ ఆ రిపోర్టును చనిపోయిన మనిషి తమ్ముడి ముందు పెట్టాడు. తమ్ముడూ ఏజెంటే.

"మీ అన్న దగ్గరున్న మైక్రోఫిల్మ్ పోయింది. అందులో మనవాళ్లు పదకొండుమంది పేర్లున్నాయి. ఎల్లుండి ఉదయం పదకొండింటికి అదే గోపురం మీద విదేశీ ఏజెంటు చేతికి వెళుతుంది. అమ్మేదెవరో తెలీదు. అక్కడ మన మనిషి ఒకామె నీకు తోడుంటుంది."

"అమ్మేవాళ్లు దొరికితే?"

"ప్రాణాలతో తీసుకురా. నీ కక్ష ఇక్కడే వదిలేసి వెళ్లు."

అతను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాళ్లు మరమ్మతు చేసే మేస్త్రి వేషంలో ఆ ఊళ్లో దిగాడు. ఒక పూటంతా గోపురం మెట్లు కొలిచాడు. పదిహేడోది మిగతావాటికన్నా మూడంగుళాలు ఎత్తు. దోపిడీకి వచ్చినవాళ్లు చీకట్లో తట్టుకుని పడాలని సన్యాసులు ఎనిమిది వందల ఏళ్ల కిందట కావాలనే అలా కట్టించారు. కింద హెచ్చరిక బోర్డు ఉంది. మర్నాడు దాన్ని తీసి సంచిలో పెట్టాడు. దీపాల ఫ్యూజు పీకాడు. కిటికీల్లేని మెట్లదారి పట్టపగలే చీకటైపోయింది.

10.50కి ఆమె వచ్చింది. ఎర్ర కోటు, మెడలో కెమెరా.

"ఈ రాయి ఎన్నాళ్లుంటుంది, మేస్త్రిగారూ?"

"కట్టినవాడికన్నా ఎక్కువే."

కోడ్ సరిపోయింది.

"ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి," అందామె. "పైకి పదండి."

"మీరే ముందు."

"అబ్బో, ఎంత మర్యాదో!"

చేతిలో టార్చి ఆర్పి ఉంచి, అతను చీకట్లో ఆమె అడుగుల చప్పుడు లెక్కపెట్టాడు. పదిహేడో మెట్టు మీద ఆమె అడుగు తడబడలేదు. తెలిసి కూడా అతని బూటే రాయికి కొట్టుకుంది.

ముప్ఫయ్యో మెట్టు దగ్గర కెమెరా పట్టీ కోసి లాక్కున్నాడు. ఫిల్మ్ అందులోనే ఉంది.

"మొదటిసారి వచ్చినదానివి బాగానే ఎక్కావే."

ఆమె ఆగింది. "మీ అన్నకి ఇంత తెలివి లేదులే. ఒక్క తోపుకే పోయాడు."

"పైన నీ విదేశీ ఏజెంటుకి మనవాళ్లు ఈపాటికే బేడీలు వేశారు."

అతన్ని గోడకేసి నెట్టి ఆమె కిందికి పరుగెత్తింది. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు. టార్చి అతని చేతిలోనే ఉంది. వెలిగించలేదు.

గంట పదకొండు కొట్టింది.

11.20కి పోలీసులు రిపోర్టు రాశారు. మెట్ల మీద నుంచి జారి పడి మరణం.

12.05కి హెచ్చరిక బోర్డు దాని చోట ఉంది.