తుడిచిన నేల

తెల్లవారేసరికి స్టీలు ప్లాంటు నుంచి వచ్చిన నల్లటి దుమ్ము వసారా మీద పలచగా పరుచుకుని ఉంటుంది. ఖుర్సీపార్ బస్తీలో మిగతా ఇళ్లవాళ్లు దాన్ని చీపురుతో తోసేసి టీ పెట్టుకుంటారు. భాగ్యరేఖ మాత్రం దుమ్ము మళ్లీ రాకుండా కిటికీలన్నీ బిగించి, బకెట్లో ఫినాయిల్ ఒంపి, గుప్పెడు బ్లీచింగ్ పౌడరు కలిపి, ఇల్లంతా మూలమూలా తుడిచాకే పొయ్యి ముట్టిస్తుంది.

ఆ ఉదయం ఆమె గుడ్డ పిండుతుండగా బూందీకి మళ్లీ ఆయాసం వచ్చింది. కూతురు అమ్ము ముచ్చటపడితే భర్త సతీష్‌కుమార్ తెచ్చిన పొమేరియన్ కుక్కపిల్ల అది. మెడ ముందుకు సాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, పాత సైకిల్ పంపులా కీచుమంటూ గాలి లాగింది. చివరికి దాని నోట్లోంచి తీగలా సాగిన జిగురు అప్పుడే తుడిచిన నేల మీద పడింది. అమ్ము తన గౌను అంచుతో దాని మూతి తుడవబోయింది. భాగ్యరేఖ అమ్మును లాక్కెళ్లి చేతులు సబ్బుతో తోమితోమి కడిగి, ఆ చోటును మళ్లీ ఫినాయిల్ పెట్టి తుడిచింది.

అంతకుముందే చూపిస్తే, పశువుల డాక్టరు గుండె బాగానే ఉందన్నాడు. పురుగుల మందిచ్చాడు, సిరప్ ఇచ్చాడు. ఏదో గిట్టడం లేదమ్మా, ఇంట్లో అదేమిటో కనిపెట్టండి అని పంపేశాడు. ఈ రోగం అమ్ముకు అంటుకుంటే? భాగ్యరేఖకు అదే భయం. ఆమె ఏడో తరగతిలో ఉండగా తమ్ముడు వాంతులూ విరేచనాలతో పోయాడు. మురికినాలా పక్క ఇల్లు, మురికే మింగేసింది అన్నారంతా. తల్లి మంచం పట్టడంతో ఆమె బడి అక్కడితో ఆగింది. అప్పటినుంచి మురికంటే ఆమెకు ఒట్టి అసహ్యం కాదు, శత్రుత్వం.

గిట్టనిదేమిటో వెతకడానికి ఆమె ఎంతో దూరం పోలేదు. వెనకగది గుమ్మంలో అత్త తులసమ్మ గొంతుక్కూర్చుని అడ్డపొగ తాగుతోంది. శ్రీకాకుళం పల్లెలో నేర్చిన అలవాటు. చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని, దవడలు లోపలికి పోయేలా పీల్చి, పక్కనున్న డబ్బాలో ఉమ్ముతుంది. ఆ డబ్బాలో బూడిదా ఉమ్మీ కలిసి నల్లగా తేలుతుంటాయి. బూందీ ఎప్పుడు చూసినా ఆ పక్కనే ముడుచుకుని పడుకుంటుంది.

"ఈ ఇంట్లో పొగ పెట్టేది నువ్వొక్కదానివేనత్తా" అంది భాగ్యరేఖ. "సూస్తేనే నాకు డోకొస్తంది. దానికి ఊపిరెలాగాడతాది?"

"నిప్పు నా నోట్లో ఎట్టుకుంటన్నాను. దాని నోట్లో ఎట్టనేదు గదే."

డ్యూటీకి బయల్దేరుతున్న సతీష్ నెత్తి పట్టుకున్నాడు. "అరే యార్, కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దాం. బస్, గొడవ ఖతం."

అమ్ము బావురుమంది. ఆ ఏడుపుతో భాగ్యరేఖకు తిక్కరేగింది. ఉమ్ముడబ్బాను కొంగు చుట్టిన రెండు వేళ్లతో ఎత్తి, పక్కనే ఉన్న చుట్టల కట్టతో సహా వీధి కాలవలో విసిరేసింది. తులసమ్మ చాలాసేపు కాలవ వైపే చూసింది. తర్వాత లేచి, చీరలు సంచిలో కుక్కుకుని, కుక్కను చంకనెత్తుకుంది.

"దీని రోగానికి కారణం నానైతే ఇద్దరమూ పోతాం. నీ ఇల్లు సుబ్బరంగుంటాది."

నందిని సున్నపురాయి గనుల కాలనీలో ఉన్న తన తమ్ముడు నూకరాజు ఇంటికి వెళ్లిపోయింది. ఇల్లు నిజంగానే శుభ్రంగా ఉంది. అమ్ము మాత్రం బూందీ పళ్లెం ముందు కూర్చుని తన అన్నం అందులో పెడుతూ, ఏడుస్తూ చిక్కిపోయింది. చివరికి ఆదివారం పొద్దున్నే ఇల్లు కడిగినట్టు తుడిచి, తలుపులు బిగించి, ముగ్గురూ నందిని వెళ్లారు.

నూకరాజు వాకిట్లో కోళ్ల రెట్టలు, గేదె పేడ, ఆకుల మీద సున్నపురాయి దుమ్ము. భాగ్యరేఖ ముక్కు మూసుకుని నడిచింది. తులసమ్మ మంచం మీద కూర్చుని దర్జాగా అడ్డపొగ తాగుతోంది. బూందీ ఒంటినిండా పేడతో కోడిని తరుముతోంది. అమ్మును చూసి గాల్లోకి ఎగిరెగిరి పడింది. ఆయాసం లేదు, కీచు లేదు.

"ఇక్కడ రానేదా అత్తా?"

"ఒక్కపాలీ రానేదు."

చుట్ట ఇక్కడా ఉంది. మురికి అంతకు పదింతలుంది. భాగ్యరేఖ బుర్రకేమీ అందలేదు. తప్పయిందనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికి రా అత్తా, అమ్ము తిండి తినడం లేదు అని మాత్రం అంది.

సాయంత్రం ఖుర్సీపార్‌లో తాళం తీయగానే, రోజంతా మూసి ఉన్న ఇంట్లోంచి ఫినాయిల్ ఘాటు గుప్పుమంది. భాగ్యరేఖ ప్రాణానికి అది హాయి. బూందీ నాలుగడుగులు లోపలికి వేసి ఆగింది. మెడ సాచింది. అదే కీచు. వెనక తులసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కళ్లలో నీళ్లు.

"నీకేటయిందత్తా?"

"ఈ గాటు నాకూ పడదే. అందుకే ఎనకగదిలో కూకుని చుట్ట కాలుస్తాను. చుట్ట కంపులో ఇది తెలదు."

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

"ఏటని సెప్పను? తమ్ముణ్ణి మురుక్కి ఒప్పసెప్పిన దానివి. నీకు సుబ్బరమే దేవుడు. దేవుణ్ణి ఒగ్గీమని ఎలాగంటాను?"

భాగ్యరేఖ నేల మీద బోర్లా పడుకుంది. బూందీ ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ముఖం పెట్టి గాలి పీల్చింది. కళ్లు భగ్గుమన్నాయి. గొంతు పట్టేసింది. ఇన్నాళ్లూ ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఆ చోటునే ఫినాయిల్‌తో మళ్లీ మళ్లీ తుడిచింది. అమ్ము బొమ్మలతో దొర్లేదీ ఈ నేల మీదే. అత్త ఉమ్ముడబ్బాను చూసినప్పుడు కూడా కలగనంత రోత, తన చేతులను చూస్తే కలిగింది.

లేచి కిటికీలన్నీ బార్లా తీసింది. ప్లాంటు దుమ్ము తీరిగ్గా లోపలికొచ్చింది. బూందీని ఒళ్లోకెత్తుకుని వసారాలో కూలబడింది. పేడకంపు. నోట్లోంచి సాగిన జిగురు ఆమె అరచేతిలో వెచ్చగా పడింది. ఆమె చెయ్యి తియ్యలేదు. చూస్తుండగా కీచు తగ్గి, పక్కటెముకలు నెమ్మదిగా లేచి దిగసాగాయి.

ఆమె చెంపల మీద నీళ్లు చూసి తులసమ్మ పక్కన చతికిలబడింది. "నానింక పెరట్లోకెల్లి కాల్సుకుంటానులే. నువ్వెల్లి సెయ్యి సబ్బెట్టి కడుక్కోయే. నీకు పడదు గదా."

"దీన్ని పడుకోనీ అత్తా" అంది భాగ్యరేఖ. "తర్వాత కడుక్కుంటాను."