జ్యోతి ఎక్కని టవర్

ఆదివారం పొద్దున్న సింహాచలమ్మ దోసెలు వేస్తుంటే డాబా మీద ఇనుము ఈడ్చిన చప్పుడైంది. స్టవ్ కట్టేసి మెట్లెక్కింది. పైన ఆమె భర్త గురునాథరావు కూతురి నడుముకి వెడల్పాటి బెల్టు బిగిస్తున్నాడు.

గురునాథరావు స్టీల్ ప్లాంటులో రిగ్గర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎత్తుల మీద నిలబడి ఇనుప దూలాలు బిగించడమే ఆయన పని. ఒక్కగానొక్క కూతురు అరుణజ్యోతి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. ఇంట్లోంచే దూరదేశాల వాళ్లతో మాట్లాడాలని ఆశ. అందుకు యాంటెనా ఎత్తున ఉండాలి. వాళ్లుండే ఇరుకు ఖుర్సీపార్ బస్తీలో ఖాళీ జాగా ఎక్కడిది? డాబా మీదే, నిచ్చెనలా ఎక్కగలిగే ఇనుప టవర్ నిలబెట్టాలని తండ్రీకూతుళ్లు అనుకున్నారు. అడుగు ముక్క బిగించేశారు కూడా.

“ఏటండీ ఇది? దాని నడుముకి ఆ బెల్టేటి?”

“సేఫ్టీ బెల్టే. పై ముక్కలు బిగించాలంటే ఎక్కాలి కదా. నా మోకాలు సహకరించదు. అది ఎక్కుతాది, నాను కింద నుంచి చెప్తాను.”

“యాంటెనా పెడతామన్నారు గాని, పిల్ల ఎక్కుతాదని చెప్పేరా నాకు?”

“కుచ్ నహీ హోతా అమ్మా, ఏమీ కాదు,” జ్యోతి నవ్వింది. “నాన్న అన్నీ నేర్పించేరు. రేపు రిపేరొచ్చినా నేనే ఎక్కుతాను.”

“అంటే ఇది ఇవాళ్టితో పోదన్నమాట!” సింహాచలమ్మ వెళ్లి టవర్ మొదట్లో చతికిలబడింది. “నన్ను దాటుకుని ఎక్కండి, చూస్తాను.”

పక్క మేడల మీద జనం తొంగిచూస్తున్నారు. గురునాథరావుకి చిర్రెత్తింది. “ఏటే ఈ గోల? సర్వీసంతా ఎక్కేను. నాకేటైనా అయిందా?”

“అవలేదా? కాలు జారి బెల్టుకి వేలాడలేదా? మీతో పనిచేసిన తాతబ్బాయి పట్టి లాగకపోతే ఏటయ్యేది?”

ఆయన ముఖం పాలిపోయింది. “నీకెవరు చెప్పేరు?”

“వాళ్లావిడ. ఆ సాయంత్రమే వచ్చి చెప్పింది. మీరేమో ఇంటికొచ్చి, పులుసు బాగుందని మారు వడ్డించుకుని తిన్నారు. మీరు చెప్పలేదు, నాను అడగలేదు. అడిగితే, మర్నాడు పైన నా ఏడుపే గుర్తొచ్చి మీ కాలు వణుకుతాదేమోనని. ఆ తర్వాత వీధిలో అంబులెన్సు వినబడితే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. మీ రిటైర్మెంటు రోజు అందరూ దండలేస్తుంటే నాను వెనక్కెళ్లి ఏడ్చేను, ఇంక ఆ భయం తీరిందని. ఇప్పుడు పిల్లతో మళ్లీ మొదలెట్టమంటారా?”

జ్యోతి బెల్టు విప్పి తల్లి పక్కన కూర్చుంది.

“నాకివేవీ తెలీవమ్మా. రేడియో మాత్రం మానను. కానీ ఎక్కక్కర్లేని స్తంభం కూడా ఉంది. అడుగున మడత బందు ఉంటుంది. పడుకోబెట్టి యాంటెనా కట్టేసి, వించ్, అదే తాడు చుట్టే చక్రం, తిప్పితే లేస్తుంది. బరువైన యాంటెనా ఆగదంతే. తీగ యాంటెనా కట్టుకుంటాను. దూరదేశాలు తగ్గుతాయి, తగ్గనీ.”

“ముందే ఆ స్తంభం వద్దన్నది నానే,” గురునాథరావు గొంతు తగ్గింది. “బరువు ఆగదని చెప్పేను గాని, అసలు సంగతి అది కాదు. పని లేకపోతే నాకేటీ తోచట్లేదు. పిల్ల ఎక్కుతుంటే నాను ఎక్కినట్టుంటాదని...” మాట పూర్తిచేయలేక ముఖం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే టవర్ ముక్క విప్పేశారు.

కొన్నాళ్లకి కొత్త స్తంభం వచ్చింది. డాబా మీద పడుకోబెట్టి, దేని మీదా ఎక్కకుండానే తీగలు కట్టింది జ్యోతి. గురునాథరావు నాలుగు వైపులా స్తంభాన్ని నిలిపే తాళ్ల బిగువు చూసుకున్నాడు. సింహాచలమ్మ తనే వించ్ తిప్పింది. స్తంభం మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

జ్యోతి కిందికెళ్లి రేడియో పెట్టింది. కాసేపటికి గరగరల మధ్య ఒక గొంతు మెట్ల మీదుగా పైదాకా వినిపించింది. శ్రీకాకుళం నుంచట. “బాగా వినబడుతున్నారమ్మా, అక్కడ ఎండలెలగున్నాయి?” అంటున్నాడాయన.

సింహాచలమ్మ నవ్వుతూ మెట్లవైపు నడవబోయింది. గురునాథరావు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కాలు జారిన ఆ రోజు నాకు చాలా భయమేసింది, సింహాచలం.”

ఆమె వెనక్కి వచ్చి పిట్టగోడ మీద ఆయన పక్కన కూర్చుంది.

“చెప్పండి,” అంది.